కుక్క హార్ట్ రేట్ ఇంట్లో చూస్తుంటే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది, ఏది నమ్మాలి?

షేరు వాళ్ళమ్మ, విజయవాడ:
పొద్దున్నుంచి ఇదే పని మీద ఉన్నాను, తల పగిలిపోతోంది. మా షేరుకి గుండె జబ్బు అన్నారు. రోజూ ఇంట్లో హార్ట్ రేట్ చూసి రాసిపెట్టమన్నారు, విశ్రాంతిలో 140 దాటితే వెంటనే ఫోన్ చేయమన్నారు. ఒకసారి చూస్తే 84, కాసేపటికి 128, మళ్ళీ చూస్తే 100. మా వారి స్మార్ట్ వాచ్ ముందుకాలికి కట్టి చూశాం, కాసేపు 61 అని చూపించి తర్వాత గీతలు వచ్చాయి. కోవిడ్ టైంలో కొన్న ఆక్సీమీటర్ చెవికి పెడితే అసలు అంకే రాలేదు. డాక్టర్ గారికి ఏ అంకె చెప్పాలి? ఈ పని సరిగ్గా చేసే మెషీన్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి, ఖర్చయినా ఫర్వాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

వెటర్నరీ ఫైనలియర్:
ఏ జాతి? వయసెంత? జబ్బు పేరేంటి? ఏ మందులు వాడుతున్నారు? చెయ్యి ఎక్కడ పెట్టి లెక్కపెడుతున్నారు? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పెన్షనర్ బాబాయ్:
అమ్మా, మెషీన్ సంగతి తర్వాత, ముందు తిండి చూడండి. మనవాళ్ళు ప్రేమకొద్దీ అప్పడం, చిప్స్, బిస్కెట్లు, ఉప్పు వేసిన పెరుగన్నం, ఏది తింటుంటే అది పెట్టేస్తారు. గుండె బలహీనపడిన కుక్కకి ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది. ఇంకొకటి, ఈ మధ్య గ్రెయిన్ ఫ్రీ అని డబ్బాలు తెగ అమ్ముతున్నారు. అందులో బియ్యం, గోధుమ బదులు బఠాణీలు, పప్పులు దట్టించి ఉంటాయి. అలాంటి తిండికీ, గుండె కండరం సాగిపోయే జబ్బుకీ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ విచారణ కూడా మొదలుపెట్టింది. తేలకపోవచ్చు, కానీ జాగ్రత్త మంచిదే కదా. మీరు ఏం పెడుతున్నారో రాయండి.

షేరు వాళ్ళమ్మ:
డాబర్‌మన్, మగది, ఏడేళ్ళు. ఎకో, ఈసీజీ తీసి డీసీఎం (గుండె కండరం సాగి బలహీనపడటం), ఏఫిబ్ (గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం) రెండూ ఉన్నాయన్నారు. గుండె వేగం తగ్గడానికి డిగాక్సిన్, డిల్టియాజెమ్, గుండె బలానికి పిమోబెండాన్, నీరు పోవడానికి ఫ్రూసెమైడ్ ఇస్తున్నాం. వెనక తొడ లోపలివైపు నాడి దొరుకుతుందని వీడియోలో చూసి అక్కడే వేళ్ళు పెడుతున్నాను. బాబాయ్ గారూ, తిండి అంతా డాక్టర్ గారు చెప్పినట్టే, ఉప్పు లేకుండానే పెడుతున్నాం.

కాకినాడ కెన్నెల్:
మేడమ్, అనవసరంగా భయపడకండి. కుక్కలకి గుండె హెచ్చుతగ్గులుగా కొట్టుకోవడం మామూలే. నా దగ్గర పెరిగిన కుక్కలన్నీ అంతే. ఊపిరి తీసుకున్నప్పుడు వేగం, వదిలినప్పుడు నెమ్మది. దీనికి అరిథ్మియా అని పేరు పెట్టి మందులు రాస్తే ఎలా?

వెటర్నరీ ఫైనలియర్:
మీరు చెప్పేది సైనస్ అరిథ్మియా. అది ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఉంటుంది. ఈవిడ కుక్కకి ఉన్నది ఏఫిబ్. ఎకో, ఈసీజీ తీసి చెప్పారు. రెండూ ఒకటి కాదు.

కాకినాడ కెన్నెల్:
రెండూ అరిథ్మియాలే కదా బ్రదర్. నేను తప్పేం చెప్పలేదు.

హన్మకొండ రాకీ నాన్న:
పేరు ఒకటే అయినా అన్నా, చెవికి తేడా తెలుస్తది. మా గ్రేట్ డేన్‌కి ఏఫిబ్ ఉండె, అందుకే చెప్తున్న. సైనస్ అరిథ్మియాలో ఊపిరితో పాటు ఒక వరస ఉంటది, కొట్టుకోవడం కూడా నిదానంగానే ఉంటది. ఏఫిబ్‌లో ఏ వరసా దొరకదు, డప్పు కొత్తగా పట్టుకున్న పిల్లగాడు వాయించినట్టు ఉంటది, పైగా వేగం ఎక్కువ. దాన్ని మామూలే అనుకుని మందు ఆపితే గుండె ఇంకా అలిసిపోతది.

ఇగ అక్కా, మీ అసలు సమస్య తొడ దగ్గర చూడటం. ఏఫిబ్‌లో గుండె కొట్టుకున్న ప్రతిసారీ నాడి రాదు. గుండె నిండకముందే మళ్ళీ కొట్టుకుంటే ఆ దెబ్బకి రక్తం సరిగ్గా ముందుకు పోదు, వేలికి ఏమీ తగలదు. దీన్ని పల్స్ డెఫిసిట్ అంటరు. గుండె 150 కొట్టుకుంటున్నా తొడ దగ్గర మీకు 100 రావచ్చు. అంటే డాక్టర్ ఫోన్ చేయమన్న హద్దు దాటినా మీకు తెల్వదు. అందుకే ఛాతీ మీదే లెక్కపెట్టాలె. స్టెతస్కోప్ ఖరీదైనది అక్కర్లేదు. కుక్క పడుకున్నప్పుడు ఎడమ ముందుకాలు మోచేయి ఛాతీకి ఎక్కడ తగులుతదో అక్కడ అరచెయ్యి పెట్టండి, కొట్టుకోవడం తెలుస్తది, స్టెతస్కోప్ అక్కడే ఆనించండి.

రెండోది, మీ అంకెలు 84, 128, 100, అన్నీ నాలుగుతో భాగించబడుతున్నయి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తున్నరు అనుకుంట. లయ సరిగ్గా ఉన్న కుక్కకి అది సరిపోతది. ఏఫిబ్‌లో ఒక పావు నిమిషం గబగబా పోతది, ఇంకో పావు నిమిషం తగ్గుతది, ఆ తేడాని మీరు నాలుగింతలు చేస్తున్నరు. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. వేగానికి నోటితో లెక్క తప్పుతది కాబట్టి మేము కాగితం మీద పెన్సిల్‌తో ప్రతి దెబ్బకీ ఒక చుక్క పెట్టి, నిమిషం అయినాక చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. లబ్ డబ్ రెండూ కలిపి ఒక్కటే అని గుర్తుంచుకోండి, విడివిడిగా లెక్కపెడితే రెండింతలు వచ్చి ప్రాణం గుభేల్‌మంటది.

షేరు వాళ్ళమ్మ:
అవునండీ, 15 సెకన్లే చూస్తున్నాను, వీడియోలో అలాగే చెప్పారు. మరి వాచ్ ఎందుకు పనిచేయలేదు?

వెటర్నరీ ఫైనలియర్:
వాచ్ చర్మం మీదికి వెలుతురు వేసి రక్తం కదలిక చూస్తుంది. బొచ్చు, నల్లటి చర్మం అడ్డం. ఆక్సీమీటర్‌దీ అదే కథ, మత్తులో ఉన్న కుక్కకి నాలుకకి పెడతారు. పెట్టినా అది చూపించేది పల్సే, గుండె వేగం కాదు.

గచ్చిబౌలి పెట్ పేరెంట్:
ఫోన్‌కి పెట్టుకునే చిన్న ఈసీజీ పరికరం ఉంటుంది, కార్డియా లాంటిది. ఛాతీ ఎడమవైపు బొచ్చు పక్కకి తీసి, జెల్ రాసి ఆనిస్తే గీత వస్తుంది. మేము వాడతాం. కాకపోతే అందులో కింద వచ్చే వ్యాఖ్యలు మనుషుల కోసం రాసినవి, కుక్క విషయంలో వాటిని పట్టించుకోకూడదు. రేటు కూడా ఒక్కోసారి టీ వేవ్‌ని (ఒక్కో దెబ్బ చివర గీతలో వచ్చే చిన్న ఎత్తు) ఇంకో దెబ్బ అనుకుని రెట్టింపు చూపిస్తుంది. గీతని పీడీఎఫ్ చేసి డాక్టర్‌కి పంపడానికి మాత్రం బాగా పనికొస్తుంది. అసలు హోల్టర్ (ఒంటికి కట్టి రోజంతా ఈసీజీ రికార్డు చేసే చిన్న పరికరం) పెట్టిస్తే బెస్ట్ కదా?

హన్మకొండ రాకీ నాన్న:
హోల్టర్ అయితే 24 గంటల సగటు దొరుకుతది, దానికి మించింది లేదు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో హోల్టర్ సగటు నిమిషానికి 125 లోపు ఉన్న ఏఫిబ్ కుక్కలు ఎక్కువ కాలం బతికినయి. కానీ అది ఊరూరా దొరకదు. ఆస్పత్రి టేబుల్ మీద చూసిన రేటు భయంతో ఎక్కువగా ఉంటది కాబట్టి, ఇంట్లో నిద్రలో చూసినది డాక్టర్లకి చాలా ముఖ్యం.

కాకినాడ కెన్నెల్:
రేటు బాగా తగ్గితే డిగాక్సిన్ ఒక పూట ఆపేయండి మేడమ్, మా వాళ్ళు అలాగే చేస్తారు.

వెటర్నరీ ఫైనలియర్:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వొద్దు. డిగాక్సిన్‌కి పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ. ఫ్రూసెమైడ్ వల్ల పొటాషియం తగ్గితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆపడం, పెంచడం, మరిచిపోయిన డోసు కలిపి వేయడం, ఏదైనా డాక్టర్‌ని అడిగాకే. తిండి మానేసినా, వాంతులు, విరేచనాలు అయినా వెంటనే ఫోన్ చేయాలి. రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష ఉంటుంది, మాత్ర వేసిన 6 నుంచి 8 గంటల మధ్య రక్తం తీస్తారు.

పెన్షనర్ బాబాయ్:
అందుకే నేను తిండి దగ్గర మొదలుపెట్టాను. తినడం ఎప్పుడు తగ్గిందో రాసిపెట్టుకుంటేనే అది తెలుస్తుంది.

హన్మకొండ రాకీ నాన్న:
బాబాయ్ మాట నిజమే. అక్కా, ఇంకొకటి కూడా రాయండి, నిద్రలో ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు అని. ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. మామూలుగా 30 లోపు ఉంటది. మెల్లగా పెరుగుతూ 30 దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందేమో చూడాలె. ఎండకి రొప్పుతున్నప్పుడు ఊపిరి గానీ గుండె గానీ లెక్కపెట్టకండి, బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం అసలే వద్దు. స్పృహ తప్పి పడినా, చిగుళ్ళు తెల్లగా, నీలంగా మారినా లెక్కలు పక్కన పెట్టి ఆస్పత్రికి పోవాలె.

గచ్చిబౌలి పెట్ పేరెంట్:
హైదరాబాద్‌లో హోల్టర్ ఎక్కడ పెడుతున్నారో ఎవరికైనా తెలుసా? మాకూ కావాలి.

షేరు వాళ్ళమ్మ:
పక్కింటి నర్సమ్మ గారి దగ్గర స్టెతస్కోప్ తీసుకున్నాను. రాత్రి షేరు నిద్రపోయాక చుక్కల పద్ధతిలో పూర్తి నిమిషం చూస్తే 132, అదే టైంలో మా వారు తొడ దగ్గర చూస్తే 104. ఊపిరి 24. మూడూ డాక్టర్ గారికి పంపాను, రేపు తీసుకురమ్మన్నారు. థాంక్స్ అండీ.

కాకినాడ కెన్నెల్:
ఏ డాక్టర్ మేడమ్? మా దగ్గర ఒక బాక్సర్ ఉంది, ఆటలో రెండుసార్లు పడిపోయింది.

వెటర్నరీ ఫైనలియర్:
బాక్సర్ పడిపోతే ఆగొద్దు, రేపే ఈసీజీ తీయించండి. వివరాలతో వేరే పోస్ట్ పెట్టండి.