ఇంట్లో చదును నేల, పెరట్లో వాలు: ఒకే నిచ్చెన సరిపోతుందా?

పెరటితోట:
నమస్కారమండీ. మా స్లాబు ఎత్తు 10 అడుగులు. ఫ్యాను తుడవడానికి, అటక మీది సామాను దించడానికి నిచ్చెన కావాలి. పెరట్లో మామిడి చెట్టు కూడా ఉంది. అక్కడ నేల ప్రహరీ వైపుకి వాలుగా ఉంటుంది, వానపడితే మెత్తబడుతుంది. కొట్టులో మడత నిచ్చెన చూపించి, విప్పితే 12 అడుగులు, రెండిటికీ ఇదే చాలంటున్నారు. తీసుకోవచ్చా? నా బరువు 68 కిలోలు.

వెల్డింగ్‌పని:
వద్దండీ. ఎంత ఎత్తు అన్నది తర్వాత, కాళ్లు ఎక్కడ ఆనతాయో ముందు చూడాలి. ఏ-టైపు నిచ్చెనకు, అంటే A అక్షరంలా విప్పి నిలబెట్టేదానికి, నాలుగు కాళ్లూ ఆనితేనే బలం. వాలులో మూడే ఆని నాలుగోది గాల్లో ఉంటుంది. ఎక్కేటప్పుడు తెలియదు. పైన నిలబడి కాయ కోసం పక్కకు వంగగానే బరువు ఆ ఆనని కాలి వైపు మారి నిచ్చెన ఒక్కసారిగా ఒరుగుతుంది. గోడకు వేసే నిచ్చెనలోనూ అంతే. కాళ్ల మధ్య 15 అంగుళాల ఎడం ఉండి, ఒక కాలు 1 అంగుళం పల్లంలో ఉందనుకోండి. 10 అడుగుల ఎత్తులో పై కొస 8 అంగుళాలు పక్కకు పోతుంది.

ఆ మడత నిచ్చెన నాలుగు ముక్కలదైతే మొత్తం ఆరు కీళ్లు ఉంటాయి. ప్రతి కీలూ టక్కుమని పడాలి. పెరటి ఇసుక, మట్టి కీలులో చేరితే లాక్ సగమే దిగుతుంది, పైకి మాత్రం పడినట్టే కనబడుతుంది. దాన్ని మట్టిలో వాడొద్దనే నా మాట.

ఇంటికప్పు:
ఇంట్లోకి అయిదు మెట్ల ఏ-టైపు అల్యూమినియం నిచ్చెన తీసుకోండి, పైన చేతిపట్టు ఉన్నది. మెట్టు మెట్టుకీ 10 అంగుళాలు వేసుకుంటే నాలుగో మెట్టు 40 అంగుళాల ఎత్తు. 5 అడుగుల 4 అంగుళాల మనిషి చెయ్యెత్తితే ఆరున్నర అడుగులు దాటుతుంది. అంటే పై మెట్టు ఎక్కకుండానే దాదాపు 10 అడుగులు అందుతుంది. మెట్టు వెడల్పు 3 అంగుళాలకు తగ్గకూడదు. సన్న గొట్టం మెట్ల మీద వట్టి పాదాలతో పది నిమిషాలు నిలబడలేం.

బరువు లెక్కలో చేతిలో సామాను కూడా కలపండి. 150 కిలోలు అని రాసి ఉన్నది నిశ్చింత. అమెరికాలో కొనేవాళ్లు గమనించండి: అక్కడ టైప్ 3 అంటే 200 పౌండ్లే, అంటే దాదాపు 90 కిలోలు. మనిషి, పనిముట్లు కలిపి అంత. టైప్ 1 అయితే 250 పౌండ్లు.

వెల్డింగ్‌పని:
కొట్టులోనే ఇది చూడండి. నిచ్చెన పూర్తిగా విప్పి, ఒక్కో కాలి కిందా కాగితం ముక్క పెట్టి లాగండి. ఒకటి సులువుగా వచ్చేస్తే నిచ్చెనను పక్కకి పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. అదే కాలి కింద మళ్లీ వస్తే నిచ్చెన వంకర. వేరే కాలి కింద వస్తే కొట్టు నేలదే తేడా. తర్వాత రెండు నిలువు పట్టీలూ పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. ఏదైనా మెట్టు దగ్గర చప్పుడైతే రివిట్టు వదులు. కాళ్ల రబ్బరు బూట్లు బోల్టుతో బిగించినవై ఉండాలి. ఊరికే తొడిగిన గట్టి ప్లాస్టిక్ టోపీలు తడి గ్రానైటు మీద జారతాయి.

పెరటితోట:
మరి చెట్టుకు? పల్లం వైపు కాలి కింద రెండు ఇటుకలు పెడితే సరిపోదా?

మామిడితోట:
చెట్టుకు ఆనించే నిచ్చెన వేసినా ఇటుకలు అస్సలు పెట్టొద్దమ్మా. మీరు ఎక్కే కొద్దీ బరువు మారుతుంటే ఇటుక కదులుతుంది, లేదా మధ్యకు విరుగుతుంది. పల్లాన్ని ఎత్తు చేయకూడదు, మిట్టను తవ్వాలి. ఎత్తుగా ఉన్న కాలి చోట గడ్డపారతో గుంట కొట్టి రెండు కాళ్లూ ఒకే మట్టానికి తెండి. తేడా 3 అంగుళాల దాకా అయితే ఈ పని చాలు. అంతకు మించితే ఒక కాలు పొడిగించి బోల్టు బిగించే రకం కావాలి.

నేల మెత్తగా ఉంటే రెండు కాళ్లకీ కలిపి ఒకే చెక్క పలక వేయండి: రెండున్నర అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. పలక మీద సగం నీళ్లున్న సీసా అడ్డంగా పడుకోబెడితే మట్టం తెలుస్తుంది. నిచ్చెన వేశాక మొదటి మెట్టు మీద నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా అదమండి. కాళ్లు ఎంత దిగాలో అంత దిగుతాయి. మట్టం మళ్లీ చూసుకుని అప్పుడే పైకి.

12 అడుగుల ఎత్తున ఆనించితే కాళ్లు మాను మొదటికి 3 అడుగుల దూరంలో ఉండాలి, అంటే ఎత్తులో నాలుగింట ఒక వంతు. కాళ్ల వెనకాల రెండడుగుల మేకు దిగ్గొట్టి అడుగు మెట్టును దానికి కట్టండి. పై కొసను మానుకే కట్టండి, కొమ్మకు వద్దు. కొమ్మ నరికేటప్పుడు బరువు తగ్గి మిగతా కొమ్మ పైకి లేస్తుంది, దాని మీద ఆనిన నిచ్చెన పట్టు తప్పుతుంది.

ముక్కాలి నిచ్చెన దొరికితే తోటకు అంతకన్నా మంచిది లేదు. ముక్కాలి పీట ఎక్కడ వేసినా ఊగదు కదా, అదే సూత్రం. ముందు రెండు కాళ్లు వెడల్పుగా, వెనక ఒక్కటే ఉంటుంది. ఆ వెనక కాలి పొడవు మార్చుకునేది చూడండి. మెట్లు అడ్డంగా మట్టానికి రావాలి, రాకపోతే మూడు కాళ్లున్నా పక్కకు పడుతుంది. ఇది మట్టికే. సిమెంటు గచ్చు మీద వెనక కాలు జారిపోతుంది.

దోటికి చిక్కం కట్టి కోయగలిగినన్ని కాయలు కింది నుంచే కోసుకోండి. నిచ్చెన మిగిలిన వాటికే.

ఇంటికప్పు:
చెట్టు పక్కన కరెంటు తీగ పోతోందా? పోతుంటే అల్యూమినియం, ఇనుము రెండూ వద్దు. ఫైబర్‌ది తీసుకోండి. వెదురుదైనా తడిస్తే షాక్ కొడుతుంది. ఏ నిచ్చెనైనా తీగకు కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి, నిలబెట్టేటప్పుడూ దించేటప్పుడూ కూడా.

పెరటితోట:
తీగ వీధి వైపే, చెట్టుకు చాలా దూరం. మా అబ్బాయి కింద పట్టుకుని నిలబడితే ఈ కట్టడాలన్నీ అవసరమా?

మామిడితోట:
అవసరమేనమ్మా. కింద మనిషి అడుగు మెట్టు మీద కాలేసి, రెండు పట్టీలూ పట్టుకుంటే నిచ్చెన వెనక్కి జారకుండా ఆగుతుంది. పైన మీరు పక్కకు వంగితే మాత్రం ఆ ఒరుగుడు కింది చేతులకు ఆగదు. అందుకే మీ బొడ్డు రెండు పట్టీల మధ్యే ఉండాలి. కాయ అందకపోతే దిగి నిచ్చెన జరపండి, జరిపిన ప్రతిసారీ పలక మట్టం చూడండి. ఇంకొకటి, అబ్బాయిని మీకు నేరుగా కింద నిలబడనివ్వకండి. కత్తి చేయి జారితే అతని మీదే పడుతుంది.