బైక్‌ల మీద లంబసింగి వెళ్తున్నాం, దారిలో నర్సీపట్నంలో పిన్ని ఇల్లు. భోజనం చేసి కదలాలా, రాత్రికి ఉండాలా?

బుల్లెట్_బండోడు (ప్రశ్న)

డిసెంబరు రెండో వారంలో ముగ్గురం, మూడు బళ్ళ మీద హైదరాబాద్ నుంచి లంబసింగి, అక్కడి నుంచి చింతపల్లి, పాడేరు మీదుగా అరకు, తర్వాత విశాఖ దిగి ఇంటికి అని ప్లాన్ వేసుకున్నాం. నేను మ్యాప్ పెట్టుకుని దారి చూస్తుంటే మా అమ్మ వెనక నుంచి చూసేసింది. "నర్సీపట్నం మీదుగా వెళ్తూ పిన్ని గుమ్మం తొక్కకుండా పోతావా" అని మొదలుపెట్టింది. నాకూ వెళ్ళాలనే ఉంది, పిన్నీ బాబాయ్‌లంటే ఇష్టం, చూసి చాలా ఏళ్ళైంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక గంట కూర్చుని భోజనం చేసి బయల్దేరతాం అని మేం అనుకుంటాం గానీ అది గంటలో తేలే పని కాదని అందరికీ తెలుసు. పైగా అదే ఊళ్ళో మా మేనత్త కూడా ఉంది. పిన్ని ఇంట్లో తిని అత్త ఇంటికి వెళ్ళకపోతే నాన్నకి ఫోన్ వస్తుంది, ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. నాతో వచ్చే ఇద్దరూ ఆఫీసు ఫ్రెండ్స్, వాళ్ళకి మా చుట్టాలెవరూ తెలియదు, ఒకడు గుడ్డు కూడా ముట్టడు. మొదటి రోజే నర్సీపట్నం దాకా కొట్టేద్దాం అంటున్నారు. ఇలాంటి ట్రిప్పులో చుట్టాలిళ్ళు ఎలా సర్దుకుంటారో చెప్పండి.

గోదారి_గట్టు

ముందు ఆ ఒక్క రోజులో కొట్టేద్దాం అనేది మానుకోండి బ్రో. విజయవాడ 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఏలూరు, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి ఇంకో 150 పైనే, మళ్ళీ తుని నూటికి అటూ ఇటూ, తునిలో హైవే దిగి కోటనందూరు మీదుగా నర్సీపట్నం. మొత్తం 550 దాటుతుంది. హైవే మీద నడిపేయొచ్చు, టోల్ గేట్ల దగ్గర బైకులకి ఎడమ పక్క సందు ఉంటుంది కాబట్టి ఆగక్కర్లేదు, కానీ ఆఖరి ముక్క చీకట్లో పడుతుంది, అసలు చిక్కంతా అక్కడే. డిసెంబరంటే కోతల కాలం. హైవే దిగాక లోపలి రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు. ఎదురుగా లారీ లైటు కొడుతున్నప్పుడు ఆ రాళ్ళు కనపడవు.

మొదటి రాత్రి రాజమండ్రిలో పడుకోండి. పొద్దున్నే తాపీగా లేచి, అన్నవరంలో ఆగి దర్శనమో కనీసం ప్రసాదమో చూసుకుని బయల్దేరితే భోజనాల వేళకి పిన్ని గారింట్లో ఉంటారు. ఒళ్ళు హూనమై రాత్రి తొమ్మిదింటికి ఎవరింటికైనా చేరితే వాళ్ళతో మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది చెప్పు.

బుల్లెట్_బండోడు

రాజమండ్రి ఐడియా బాగుంది అన్నా. అంటే రెండో రోజు మధ్యాహ్నం పిన్ని ఇంట్లో తిని రెండింటికి బయల్దేరి సాయంత్రానికి లంబసింగి, అంతేగా?

తాండవ_గట్టు

మాది నర్సీపట్నమే. ఏటండీ మధ్యాహ్నం బయల్దేరి లంబసింగి? అక్కడికి జనం వచ్చేదే తెల్లవారుజాము మంచు కోసం. నాలుగింటికి వెళ్తే కొండా, రోడ్డూ, టీ కొట్లూ కనిపిస్తాయి, అవి పాడేరు దారిలోనూ ఉంటాయి. పైన సీజన్‌లో, అందులోనూ శని ఆదివారాల్లో, రూములూ టెంట్లూ దొరకడం కష్టం, దొరికినా రేటు మామూలుగా ఉండదు. మా ఊరి నుంచి లంబసింగి 30 కిలోమీటర్ల చిల్లర. అంటే మీ పిన్ని గారి ఇల్లు మీకు దారిలో అడ్డం కాదు, అంతకన్నా మంచి మకాం ఇంకోటి లేదు. రాత్రికి అక్కడే ఉండండి. ఐదింటికి బండి తీస్తే సూర్యుడు వచ్చేసరికి పైన ఉంటారు. చలి మాత్రం తేలిగ్గా తీసుకోకండి, కొన్ని ఏళ్ళలో సున్నా దాకా పడిపోయింది. జాకెట్ సంగతి సరే, చేతులకి మంచి గ్లోవ్స్ లేకపోతే ఘాట్‌లో క్లచ్ పట్టుకోలేరు. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనపడుతుంది, లో బీమ్‌లోనే పోనివ్వండి. ట్యాంకు ముందు రోజే మా ఊళ్ళో నింపేసుకోండి, ఐదింటికి బంకు వెతుక్కోకుండా.

ఇక మధ్యాహ్నం భోజనం అయ్యాక సాయంత్రం దాకా ఏం చేయాలి అంటారా, కృష్ణదేవిపేట వెళ్ళి రండి. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1922 ఆగస్టు 22న ఆయన మొదట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మీరు తర్వాత రోజు వెళ్ళే చింతపల్లి అదే. మీ ఆఫీసు ఫ్రెండ్స్‌కి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఫోన్లు చూసుకునే బాధ కూడా తప్పుతుంది. అక్కడి నుంచి వచ్చాక సాయంత్రం టీ టైమ్‌కి మీ మేనత్త గారిల్లు. టీ కాస్తా టిఫిన్ అవుతుంది, దానికి సిద్ధపడి వెళ్ళండి.

వరండాలో_కుర్చీ

నేను బళ్ళు నడపను బాబూ, మా ఇంటికి బళ్ళ మీద వచ్చే మేనల్లుళ్ళకి వండిపెట్టే మనిషిని. నా వైపు నుంచి కొన్ని చెప్తాను, ఏమీ అనుకోకు.

"ఒంటిగంటకల్లా వచ్చేస్తాం పిన్నీ" అని చెప్పకు. రోడ్డు మీద ఉన్నవాళ్ళకి టైమ్ చేతిలో ఉండదు. మీరు మూడింటికి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ తినరు, అన్నం చల్లారిపోతుంది, మీ బాబాయికి షుగర్ ఉంటే ఇంకా ఇబ్బంది. అన్నవరం దాటాక ఒకటి, తుని దగ్గర ఒకటి ఫోన్ చెయ్యి, అది చాలు. ఆ శాకాహారి అబ్బాయి సంగతి ముందే చెప్పు. వండడం కష్టమని కాదు. నాటుకోడి కూర చేసి, అందరి ముందూ "నేను తిననండీ" అని అతను అంటే వండినావిడకి మనసు చివుక్కుమంటుంది.

మీ అత్త విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. నువ్వు పిన్ని ఇంట్లో దిగావని ఆవిడకి బయటివాళ్ళ ద్వారా తెలియకూడదు, చిన్న ఊరు, మూడు బుల్లెట్లు సందులోకి వస్తే ఎవరో ఒకరు చెప్పనే చెప్తారు. ముందు రోజే మీ నాన్న చేత ఆవిడకి ఫోన్ చేయించు. అమ్మ చేత కాదు, నాన్న చేత. అన్నవరం ప్రసాదం కొంటే రెండిళ్ళకీ కొను, లెక్క ఒకేలా ఉండాలి. వేడిగా ఉండగా ఆకు పొట్లంలో ఉన్నదాని రుచే వేరు, మర్నాటికి దాచకుండా ఆ పూటే ఇచ్చెయ్యి.

ఇంకోటి, బూట్లు వరండాలోనే విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి రండి. గొలుసుకి నూనె కొట్టుకునేది గేటు బయట. పొద్దున్నే ఐదింటికి ఇంటి ముందు మూడు బళ్ళూ ఒకేసారి స్టార్ట్ చేయొద్దు, మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్ళండి. మీరు వెళ్ళిపోతారు, వీధిలో మాట పడేది మీ పిన్ని.

సోలో_సవారీ

అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి నేను వేరేది చెప్తా. నువ్వు పిన్ని ఇంట్లో పడుకో, ఫ్రెండ్స్‌కి ఊళ్ళో లాడ్జి తీసుకో. తెలియని ఇంట్లో ఒకటే బాత్రూమ్, పెద్దవాళ్ళు పడుకునే టైమ్‌కి మనం మాట్లాడుకోలేం, వాళ్ళ మంచం మనకిచ్చి వాళ్ళు కింద పడుకుంటారు. నాకైతే నిద్ర పట్టదు.

వరండాలో_కుర్చీ

అది నిజమే, కానీ లాడ్జి అని ముందే చెప్పేసెయ్యాలి. భోజనాలయ్యాక రాత్రి పదింటికి చెప్తే పిన్ని ఒప్పుకోదు, అప్పటికే పక్కలు వేసేసి ఉంటుంది.

బుల్లెట్_బండోడు

అందరికీ థాంక్స్. ఫ్రెండ్స్‌ని అడిగితే లాడ్జి వద్దన్నారు, ఇంటి భోజనం అనగానే శాకాహారి గాడే ముందు ఊగిపోయాడు. నాన్న ఇందాకే అత్తకి ఫోన్ చేశారు. ఆవిడ రాత్రి భోజనం తనింట్లోనే అని ఖాయం చేసేసింది, పిన్నికి మధ్యాహ్నం భోజనం, మర్నాడు పొద్దున్న టిఫిన్ పొట్లం. అమ్మ మాత్రం ఇప్పుడు కొత్తగా, పిన్ని పెట్టిన ఉసిరికాయ పచ్చడి రెండు కిలోలు తెమ్మంటోంది. మూడు రోజులు ఘాట్లలో తిరగాలి, శాడిల్ బ్యాగులో నూనె కారితే బట్టలన్నీ పోయినట్టే. ఎలా తేవాలి?

తాండవ_గట్టు

నువ్వు మోయకు. మా ఊరి నుంచి హైదరాబాద్‌కి రాత్రి బస్సులు ఉంటాయి, బాబాయ్ గారిని పార్సిల్ వేయించమను. కూడా మాడుగుల హల్వా ఒక కిలో పెట్టమను, మాకిక్కడ దగ్గరే. నువ్వు విశాఖ దిగేలోపు మీ అమ్మగారు పచ్చడి తినేస్తూ ఉంటారు.