జపాన్ బ్లూ-స్పెక్ సీడీకి అంత డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న (విశాఖ శ్రోత):
అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత సీడీ నా దగ్గర ఉంది. 1980లలో మా మామయ్య అమెరికా నుంచి తెచ్చి ఇచ్చారు. ఇప్పుడు అదే ఆల్బమ్‌ను బ్లూ-స్పెక్ సీడీ2గా, అంటే మరింత నాణ్యంగా అచ్చువేశామని చెప్పి అమ్మే సీడీగా, జపాన్ నుంచి తెప్పించుకోవాలని ఉంది. మామూలు సీడీకి మూడు రెట్ల ధర చెబుతున్నారు. కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం వేరు. నాది మధ్యరకం ప్లేయరు, చిన్న స్పీకర్లు. పెట్టిన డబ్బుకు తగిన తేడా వినిపిస్తుందా? కొన్నవాళ్లు చెప్పండి.

జవాబు (వయొలిన్ విద్యార్థి):
పాత సీడీ తప్పకుండా మార్చండి. అయితే బ్లూ-స్పెక్ కోసం కాదు.

నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను. ఆ ఆల్బమ్‌లో మొదటిదైన ‘సో వాట్’ స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే. షడ్జం రెండు శ్రుతిలో (పాశ్చాత్యుల ‘డి’) ఉంటుంది. మధ్యలో ఎనిమిది బార్లు (తాళావర్తాల వంటివి) రెండున్నరకు ఎక్కి మళ్లీ రెండుకు దిగుతుంది. ఈ సంగతి తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. శ్రుతిపెట్టెను రెండుకు పెట్టి, తీగలు సరిచూసుకుని, మీ దగ్గరున్నలాంటి పాత సీడీతో కలిసి వాయించబోయాను. కలవలేదు. రికార్డు రెండుకూ రెండున్నరకూ నడుమ ఎక్కడో పలుకుతోంది. బిరడాలు కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే చివరికి కలిసింది. పాతిక నిమిషాలు హాయిగా వాయించాను. నాలుగోది, ‘ఆల్ బ్లూస్’, మొదలయ్యేసరికి మళ్లీ అపశ్రుతి! తీగలు జారాయేమోనని చూశాను, జారలేదు. ఒకే సీడీలో రెండు శ్రుతులు ఉన్నాయి.

కారణం తర్వాత తెలిసింది. మొదటి మూడు రచనలను 1959 మార్చి 2న న్యూయార్క్‌లో, 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా నింపిన టేపును సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది. మిగతా రెండూ ఏప్రిల్ 22న రికార్డు చేశారు, అప్పుడు వేగం సరిగ్గానే ఉంది. మార్చిలో జాగ్రత్త కోసం పక్కన నడిపిన రెండో యంత్రం కూడా సరిగ్గానే తిరిగింది. 1992 పునర్ముద్రణలో ఆ రెండో టేపు తీసుకుని తప్పు దిద్దారు. ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా ఆ సంగీతాన్ని ఎక్కువ శ్రుతిలోనే వింది! విద్యార్థులు దానితోనే సాధన చేసి ఉంటారు కదా అని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటి రీమాస్టర్‌కు, అంటే అసలు టేపు నుంచి మళ్లీ సరిచేసి తయారుచేసిన ముద్రణకు, ఎంత పెట్టినా తగును. కానీ దానికి ఖరీదైన డిస్కు అక్కర్లేదు. 1997లో మార్క్ వైల్డర్ మూడు ట్రాకుల టేపుల నుంచి మళ్లీ మిక్స్ చేసిన మామూలు సీడీలో వేగం సరిగ్గా ఉంది. నేను వాడిన సీడీగా, చాలా చౌకగా కొన్నాను. బ్లూ-స్పెక్‌లో అచ్చును నీలి లేజరుతో చెక్కుతారు, గుంటలు మరింత నిక్కచ్చిగా పడతాయి. అయినా ప్లేయరు చదివేది అదే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. రెండున్నర మిల్లీమీటర్ల గీత పడినా లోపాన్ని పూడ్చుకునే ఏర్పాటు ప్రతి సీడీలోనూ ఉంది. ఒకే మాస్టర్ (అచ్చుకు మూలమైన తుది రికార్డింగు) నుంచి వచ్చిన ఎస్‌హెచ్‌ఎమ్ సీడీని (ప్రత్యేక ప్లాస్టిక్‌తో చేసే మరో జపాన్ రకం), మామూలు సీడీని మా స్నేహితుడి కంప్యూటర్లోకి ఎక్కించి, మొదళ్లు జతచేసి, ఒకదానిలోంచి మరొకటి తీసివేశాం. మిగిలింది సున్న.

జవాబు (రాక్ అభిమాని):
కొత్త మాస్టర్ అన్నంత మాత్రాన మంచిదనుకోకండి. 2008లో వచ్చిన మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ సీడీలో ధ్వనిని ఎంత నొక్కేశారంటే (అంటే హెచ్చుతగ్గులు చెరిపి అంతా గట్టిగా వినిపించేలా చేశారంటే) డ్రమ్ముల దెబ్బలు చిట్లి వినిపిస్తాయి. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో ఆటలో అంత నొక్కకుండా వచ్చాయి. డబ్బు పెట్టేముందు మాస్టరింగ్ ఎవరు చేశారో, ఏ టేపు వాడారో కనుక్కోండి.

జవాబు (అట్టల ప్రేమికుడు):
నేను మాత్రం జపాన్ ముద్రణలే కొంటాను. పాత ఎల్పీ అట్టను అచ్చంగా చిన్నది చేసినట్టుండే ఆ కాగితపు కవరు, పక్కన చుట్టిన పట్టీ చేతిలోకి తీసుకుంటే కలిగే ఆనందం వేరు. నేను డబ్బు పెడుతున్నది దానికే. ధ్వని మారుతుందని ఎవరికీ చెప్పను.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే మా అమ్మ హార్మోనియం తీసి చూశాను. ‘సో వాట్’ ఏ మెట్టుకూ కలవడం లేదు! అమ్మ కూడా వచ్చి విని, నిజమే అంది. జపాన్ ఆర్డరు ఆపేశాను. 1997 ముద్రణను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు (వయొలిన్ విద్యార్థి):
వెనక అట్ట చూడండి. ఐదు రచనల తర్వాత ‘ఫ్లమెంకో స్కెచెస్’ ఇంకో టేక్ (అదే రచనను మరోసారి వాయించిన రికార్డింగు) ఆరోదిగా ఉండాలి, సంవత్సరం 1997 అని ఉండాలి. వచ్చాక హార్మోనియం రెండు శ్రుతిలో పట్టి ఉంచమని అమ్మగారికి చెప్పి వినండి.