సెల్లార్ పార్కింగ్‌లో దుకాణాలు: అర్జీని ‘పరిష్కృతం’ అని మూసేస్తే తరువాత ఎవరిని అడగాలి?

ప్రశ్న (వీధివాసి, ఆంధ్రప్రదేశ్):

మా వీధి మొదట్లో ఉన్న వాణిజ్య భవనానికి మంజూరైన ప్లానులో సెల్లారు మొత్తం వాహనాలకే కేటాయించారని విన్నాము. ప్రస్తుతం అందులో రక్తపరీక్షల కేంద్రం, మందుల దుకాణం, జిరాక్స్ షాపు నడుస్తున్నాయి. అక్కడికి వచ్చేవారి బండ్లు మా ఇరుకు వీధికి రెండు వైపులా నిలిచిపోవడంతో గ్యాస్ సిలిండర్ల ఆటో కూడా లోపలికి రావడం లేదు. ట్రాఫిక్ పోలీసులు అది కార్పొరేషన్ వ్యవహారమంటారు. కార్పొరేషన్ వారేమో రోడ్డు మీది బండ్లు పోలీసుల పని అంటారు. సోమవారం గ్రీవెన్స్‌లో (అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) అర్జీ ఇస్తే కొన్నాళ్లకు ‘సమస్య పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. దానికి జతచేసిన ఫొటోలో షట్టర్లు దించి ఉన్నాయి, ఒక దానిపై ‘పార్కింగ్’ అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. మరుసటి రోజు యథాప్రకారం దుకాణాలు తెరిచారు. ఇక ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1 (టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి):

అర్జీలో ‘పార్కింగ్ ఇబ్బంది’ అని రాస్తే అది పోలీసులకే వెళుతుంది. ‘మంజూరైన ప్లానుకు విరుద్ధంగా సెల్లారును వ్యాపారానికి వాడుతున్నారు’ అని రాస్తే టౌన్ ప్లానింగ్ విభాగం తప్పించుకోవడం కష్టం. అయితే ‘విన్నాము’ అంటే చాలదు, కాగితం కావాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టిన భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) నకళ్లు, మీ అర్జీ మీద తనిఖీ చేసినవారు రాసిన నివేదిక అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయవచ్చు. ప్లాను మూడవ పక్షానికి, అంటే భవన యజమానికి, చెందినదని నిరాకరించే అవకాశం ఉంది. అప్పుడు కూడా తనిఖీ నివేదికనైనా వదలకండి, ఎందుకంటే ఆ ఫొటో ఏ రోజు, ఎన్ని గంటలకు తీశారో అందులోనే బయటపడుతుంది.

మీ వార్డు ప్లానింగ్ కార్యదర్శి మీద కోపం పెట్టుకోవద్దని నా మనవి. ఉల్లంఘనను చూసి పైకి నివేదించడమే అతని పని, నోటీసు మీద సంతకం చేసే అధికారం అతనిది కాదు.

సమాధానం 2 (అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి):

ఒక్కరి పేరుతో కాకుండా వీధివారందరి సంతకాలతో ఇవ్వండి. దానికి ముందు మీ సొంత స్టిల్టు (భవనం కింద స్తంభాల మధ్య బండ్లకు వదిలిన స్థలం) వైపు కూడా ఒకసారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఇలాంటి అర్జీ పడగానే అవతలివారు ఎదురు అర్జీ పెట్టడం పరిపాటి. స్టిల్టు పార్కింగ్ ఉమ్మడి స్థలమే తప్ప బిల్డరు విడిగా అమ్ముకునే ఆస్తి కాదని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ కేసులో చెప్పినా, గదులు కట్టి అద్దెకిచ్చిన భవనాలు మా పేటలోనే కనిపిస్తాయి.

ఇది బండ్ల గొడవ మాత్రమే కాదు. 2024 జూలైలో ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సంస్థ సెల్లారులోకి వాననీరు చొచ్చుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ సెల్లారుకు అనుమతి ఉన్నది పార్కింగుకు, సామాను నిల్వకు, నడిపింది గ్రంథాలయం. దాని మీద ఒక విద్యార్థి నెల రోజుల ముందే ఫిర్యాదు చేసి ఉన్నాడు. మీ అర్జీలో రోగులు కూర్చునే చోటు నేలమట్టానికి ఎంత దిగువన ఉందో, బయటికి దారులెన్నో తప్పక రాయండి.

సమాధానం 3 (న్యాయవాది):

మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, తరువాత 636 కింద తుది ఉత్తర్వు రావాలి. చాలా ఫైళ్లు ఈ రెండింటి నడుమే ఆగిపోతాయి, లేదా యజమాని ఈలోగా కోర్టు నుంచి స్టే (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకుంటాడు. అందుచేత నోటీసు ఇచ్చారా అని మాత్రమే కాక, తుది ఉత్తర్వు ఎప్పుడు ఇచ్చారని కూడా అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, ఇచ్చాక ప్లానుకు విరుద్ధమైన వాడకం కనబడితే చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. ఆ తీర్పును అర్జీలో ప్రస్తావించండి.

ఇంతచేసినా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ (అధికారులు తమ విధి నిర్వర్తించేలా ఆదేశించమని కోరే పిటిషను) వేయవచ్చు. అర్జీని పరిశీలించి ఫలానా గడువులోగా నిర్ణయం తీసుకోమని కోర్టు ఆదేశించడం సర్వసాధారణం కనుక, ఇకమీదట ఇచ్చే ప్రతి అర్జీనీ స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రసీదును, ఆ మూసివేత సందేశాన్ని, పనిదినాల్లో తేదీ పడేలా తీసిన ఫొటోలను ఒకే ఫైలులో ఉంచండి.