అప్‌డేట్: టక్‌మని ఆగిపోయే సెల్ఫ్, అసలు కారణం దొరికింది

బండి తాళం తిప్పితే టక్‌మన్న శబ్దం తప్ప సెల్ఫ్ (ఇంజనును స్టార్ట్ చేసే మోటారు) తిరగడం లేదనీ, కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదనీ గత నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు; ఎర్త్ వైరు చూడమన్న మాటే నిజమైంది.

ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు కొనలను బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజను లోహానికీ ఆనించి సెల్ఫ్ కొట్టించినప్పుడు, అర వోల్టు లోపు ఉండవలసిన రీడింగు 2.1 చూపింది. ఇంజనును బాడీకి కలిపే అల్లిక తీగ (అదే ఎర్త్ వైరు) బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగిపోయి ఉంది. సెల్ఫ్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లు తిరిగి బ్యాటరీకి చేరవలసిన దారీ, ఇంజను నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరుకు దారీ అదే కనుక స్టార్టింగూ, ఛార్జింగూ రెండూ దెబ్బతిన్నాయి. తీగ మార్చాక, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.1కు బదులు 14.2 వోల్టులు వస్తున్నాయి. సెల్ఫ్, ఆల్టర్నేటరు రెండూ బాగానే ఉన్నాయి. పాత బ్యాటరీని అనవసరంగా మార్చినందుకు మాత్రం బాధగా ఉంది.