పాతవాళ్ళకు ఒక రూలు, కొత్తవాళ్ళకు ఒక రూలు అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: ఎఫ్‌స్టాప్

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ళ గ్రూపొకటి ముగ్గురం కలిసి చూసుకుంటున్నాం. జీతం లేదు, తిట్లకు మాత్రం లోటు లేదు.

ఈమధ్య కొత్తగా చేరిన ఒకతను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచితే ఫొటోలో గింజలు గింజలుగా ఎందుకొస్తోందని అడిగాడు. మా గ్రూపులో చాలాకాలంగా ఉన్న పెద్దాయన ఒకరున్నారు. లైటింగ్ గురించి ఆయన రాసినంత ఓపిగ్గా ఇంకెవరూ రాయరు. ఆయన "ముందు కెమెరాతో ఇచ్చిన మాన్యువల్ చదువుకుని రండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. కొత్తతను "అంత పొగరెందుకు సార్, తెలిస్తే చెప్పండి, లేకపోతే ఊరుకోండి" అన్నాడు. "పొగరు" మా ఫిల్టర్ లిస్టులో ఉంది. కామెంట్ దానంతటదే ఆగింది, మాలో ఒకరు తీసేసి కింద హెచ్చరిక పెట్టారు. పెద్దాయనకు నేను విడిగా మెసేజ్ పెట్టి కాస్త మెత్తగా చెప్పమన్నాను, సరేనన్నారు.

మర్నాటికి స్క్రీన్‌షాట్ తిరుగుతోంది: "మోడరేటర్ల మనుషులైతే ఏమన్నా చెల్లుతుంది." దాని కింద లైకులే లైకులు. పెద్దాయన నాకు స్నేహితుడు కూడా కాదు, ఎప్పుడూ కలవలేదు. రూల్స్ ఇంకా వివరంగా రాయాలా? లేక ఊరుకుంటే అదే చల్లారుతుందా?

జవాబు 1: మ్యూట్‌బటన్

చల్లారుతుంది. నచ్చనివాళ్ళు వేరే గ్రూపు పెట్టుకుంటారు, అక్కడ వాళ్ళకూ ఇదే టెన్షన్ మొదలవుతుంది.

జవాబు 2: రెండోషిఫ్ట్

చల్లారదండీ. పైకి మాట్లాడటం మానేస్తారు, అంతే. తర్వాత మీరు తీసే ప్రతి కామెంట్‌కీ ఇదే లెక్క కడతారు.

రూల్స్ పెంచినా లాభం లేదు. మీ దగ్గర రూలు ఒకటే ఉంది, దాన్ని అమలు చేసిన చోట్లే రెండు. పెద్దాయన్ని ఇన్‌బాక్స్‌లో మందలించారు, కొత్తాయన్ని అందరి ముందూ మందలించారు. గ్రూపుకి కనిపించింది రెండోది ఒక్కటే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టుంది చూసేవాళ్ళకి. ఆయన మీకు స్నేహితుడా కాదా అన్నది వాళ్ళకు అనవసరం.

ఇక ఫిల్టర్ సంగతి. "మాన్యువల్ చదువుకుని రండి"లో ఒక్క చెడ్డమాట లేదు, అవమానం మాత్రం నిండుగా ఉంది. పాత సభ్యులకు ఎక్కడ ఏ మాట ఆగుతుందో బాగా తెలుసు, ఫిల్టర్‌కి దొరక్కుండా గుచ్చగలరు. కొత్తవాళ్ళు కోపం వస్తే ఉన్నదున్నట్టు అనేసి దొరికిపోతారు. యంత్రం పట్టిందని మీరు చెప్పినా, ఆ లిస్టు రాసింది మీరే కదా అంటారు. అందులోనూ న్యాయముంది. నేనైతే ఆ మాటను లిస్టులోంచి తీసేస్తాను. అది బూతు కాదు, ఫిర్యాదు.

పెద్ద కంపెనీలు కూడా ఇక్కడే బోల్తా పడ్డాయి. ఫేస్‌బుక్‌లో ప్రముఖుల ఖాతాలకు క్రాస్‌చెక్ అని వేరే వరుస ఉందని 2021 సెప్టెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. 2020 నాటికే అందులో కనీసం 58 లక్షల ఖాతాలున్నాయట. ముఖ్యమైనవాళ్ళ పోస్టును పొరపాటున తీసేయకూడదు, ఇంకోసారి చూద్దాం అన్నదే వాళ్ళ వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ "ఇంకోసారి" చూసేలోపు రూలు దాటిన పోస్టు అలాగే ఉండిపోతుంది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ నిర్ణయాలను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డు తప్పుపట్టిన వాటిలో అదొకటి. మీ పెద్దాయన కామెంట్ ఇప్పటికీ అక్కడే ఉంది కదా?

నేను చాలాకాలం వికీపీడియాలో రాశాను. అక్కడ ఎవరు ఎవరిని ఎందుకు నిరోధించారో చిట్టా ఉంటుంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. తాను తలదూర్చిన గొడవలో నిర్వాహకుడు తన అధికారం వాడకూడదని ఇంగ్లీషు వికీలో నియమం కూడా ఉంది. గొడవలు ఆగాయా అంటే, ఆగలేదు. కానీ వాదన "మీరు మీరు ఒకటి" దగ్గర నిలిచిపోకుండా, ఫలానా రోజు ఫలానా చర్య సరైనదేనా అన్నదాకా వస్తుంది. దానికైతే జవాబు చెప్పగలం.

మీ ముగ్గురికీ ఒక షీట్ చాలు. ఏం తీశాం, ఏ రూలు కింద, ఎవరు తీశారు. పేర్లు లేకుండా గ్రూపుకీ చూపించండి. డిస్కార్డ్ యాప్‌లో అయితే ఆడిట్ లాగ్ (ఎవరు ఏం చేశారో చెప్పే చిట్టా) దానంతటదే ఉంటుంది గానీ 45 రోజులు దాటితే పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

జవాబు 3: గ్రెయిన్

ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. ఎంత పారదర్శకంగా ఉన్నా పక్షపాతం చూసేవాళ్ళు చూస్తారు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మీద చేసి 1985లో ప్రచురించిన ప్రయోగంలో, 1982 బేరూత్ మారణకాండ మీద వచ్చిన అవే టీవీ వార్తలను ఇజ్రాయెల్ వైపువాళ్ళకీ, అరబ్బుల వైపువాళ్ళకీ చూపించారు. ఇవి మాకు వ్యతిరేకంగా ఉన్నాయని ఇద్దరూ అన్నారు. పైగా పెద్దాయన్ని నలుగురిలో నిలబెడితే ఆయన రాయడం మానేస్తారు. అప్పుడు నష్టపోయేది ఆ కొత్తవాళ్ళే.

రెండోషిఫ్ట్

నిజమే, అందరినీ ఒప్పించలేం. స్క్రీన్‌షాట్ పెట్టినాయన ఎలాగూ ఒప్పుకోడు. కానీ ఆ లైకులు కొట్టినవాళ్ళంతా ఒక పక్షం వాళ్ళు కాదు, సగంమంది ఊరికే చూస్తున్నవాళ్ళు. వాళ్ళకి కారణం కనిపిస్తే చాలు. రెడ్డిట్ మీద 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, పోస్టు ఎందుకు తీశారో చెప్పినచోట ఆ సభ్యుల తర్వాతి పోస్టులు తీసేయాల్సి రావడం తగ్గిందని తేలింది.

నలుగురిలో నిలబెట్టమనలేదు. "ఈ కామెంట్ మర్యాద రూలు కింద తీశాం, ప్రశ్నకు జవాబు రాయాలనుకుంటే మళ్ళీ రాయండి" అని ఇద్దరి కిందా ఒకే వాక్యం. కొత్తాయనకూ అదే, అక్షరం మారకుండా.

ఎఫ్‌స్టాప్

షీట్ ఇవాళే మొదలుపెడతాను. ఆ వాక్యం పెద్దాయన కింద పెట్టడానికే చెయ్యి రావట్లేదు. ముందుగా ఫోన్ చేసి చెప్పనా?

రెండోషిఫ్ట్

కొత్తాయనకు చేశారా ఫోను? లేదు కదా, అయితే ఈయనకీ వద్దు. పెద్దాయనతో ఎప్పుడూ మాటామంతీ లేని మోడరేటర్ మీ ముగ్గురిలో ఎవరో చూడండి, వాళ్ళచేత పెట్టించండి. మీరు మాత్రం ఐఎస్ఓ ప్రశ్నకు జవాబు రాయండి. పాపం, అతనికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.