ప్యాకెట్ మీద ‘ఎసిడిటీ రెగ్యులేటర్’ అని ఉంటే అది గుండెల్లో మంటకు మందా?

రాయగడ కోడలు:
మా మామగారికి డెబ్బై రెండేళ్లు. భోజనం చేసిన గంటకల్లా గుండెల్లో మంట మొదలవుతుంది. బజారులో కొన్న నిమ్మ పానీయం సీసా మీద, భూతద్దం పెడితే గాని కనబడని అక్షరాల్లో ‘ఎసిడిటీ రెగ్యులేటర్ (330, 331)’ అని ఉన్నది చదివి, ఎసిడిటీని అదుపులో పెట్టేదే కదా అని రెండు నెలలుగా రోజూ మధ్యాహ్నం ఒక సీసా తాగుతున్నారు. మంట తగ్గకపోగా ఎక్కువైంది. ఇంతలో మా ఆడపడుచు, 330 వల్ల క్యాన్సర్ వస్తుందని ఒడియాలో వచ్చిన వాట్సాప్ సందేశం ఒకటి పంపింది. ఒకరికి మందు, ఒకరికి విషం అయిన ఈ పదార్థం ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించండి.

గుణుపురం మాస్టారు:
అమ్మా, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మన వాడుకలో ఎసిడిటీ అంటే కడుపులో మంట. సీసా మీద దాని అర్థం ఆ పానీయం తాలూకు ఆమ్లత్వం మాత్రమే. ఆహారంలో పులుపును గాని, క్షారాన్ని గాని కావలసిన స్థాయిలో నిలిపి ఉంచేందుకు కలిపే పదార్థాలన్నింటికీ అదే పేరు పెట్టారు. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. 331 దాని సోడియం లవణం. మొదటిదాని పులుపు నాలుకను కొరకకుండా మెత్తబరచి, నిలకడగా ఉంచుతుంది. కాబట్టి మీ మామగారు మందనుకొని తాగుతున్నది పులుపే. మంట ఉన్నవారికి అది మంటను పెంచవచ్చు. వెంటనే మాన్పించి, వైద్యుడికి చూపించండి.

క్యాన్సర్ మాట పాత పుకారు. ఆహారం నుంచి మన కణాలు శక్తిని రాబట్టుకొనే దారిలో సిట్రిక్ ఆమ్లం ఒక మజిలీ. చక్రంలా తిరిగే ఆ దారిని 1937లో వివరించిన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్‌కు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. జర్మన్ భాషలో ‘క్రెబ్స్’ అంటే క్యాన్సర్ అని కూడా అర్థం. 1970లలో ఫ్రాన్సులో, పారిస్ దగ్గరి ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేరు తగిలించుకొని చేతులు మారిన కరపత్రంలో 330ని ప్రమాదకరమని రాయడానికి ఈ పేరు తెచ్చిన గందరగోళమే కారణమని చెబుతారు. ఆసుపత్రి తనకు సంబంధం లేదని ప్రకటించినా కరపత్రం ఆగలేదు. ఇప్పుడు ఒడియా కూడా నేర్చుకున్నట్టుంది.

నిజంగా జాగ్రత్త పడవలసింది పళ్ల విషయంలో. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలతను పీహెచ్ అంటారు. అది సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఇలాంటి పానీయాలు చాలావరకు 3 దరిదాపుల్లో ఉంటాయి. తాగిన వెంటనే పళ్లు తోమకుండా, నీళ్లతో పుక్కిలించడం మేలు.

బరంపురం పచ్చళ్లు:
మాస్టారు చెప్పినదానికి మా పని వైపు నుంచి కొంత చేరుస్తాను. టమాటా పచ్చడికి మేము నిమ్మ ఉప్పు వేయడం రుచి కోసం మాత్రమే కాదు. బాగా పండిన టమాటా పీహెచ్ ఒక్కోసారి 4.6 దాటుతుంది; నిమ్మ ఉప్పు వేసి దాన్ని 4.6 కంటే తక్కువకు దించితే, ప్రాణాంతక విషాన్ని పుట్టించే బాట్యులిజం క్రిమి పెరగజాలదు. నిల్వకు వాడే సోడియం బెంజోయేట్, అంటే 211, కూడా పులుపులోనే సరిగ్గా పని చేస్తుంది. పులుపు చాలకపోతే అది వేసినా దండగే. ఇక అప్పడాల పిండిలో పడే సోడా, నూడుల్స్‌లోని 500, 501 పులుపుకు పూర్తిగా ఎదురు దిక్కు, క్షారాలు. అయినా పొట్లం మీద పేరు మాత్రం అదే ఎసిడిటీ రెగ్యులేటర్.

నిమ్మ ఉప్పు ఇప్పుడు నిమ్మకాయల నుంచి రాదని కూడా చెప్పాలి. ఒక రకం నల్ల బూజు చక్కెర ద్రావణంలో దాన్ని విరివిగా తయారు చేస్తుందని 1917లో తేలింది. నేటికీ ప్రధానంగా అదే పద్ధతి. ఇది వినగానే మా కొట్లో కొందరు మొహం చిట్లిస్తారు, ఇడ్లీ పిండి పులవడానికీ క్రిములే కారణమని గుర్తు చేస్తాను.

రాయగడ కోడలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు మామగారికి చదివి వినిపించాను. సీసాను కాసేపు తిప్పి చూసి, “అయితే దాని మీద పులుపు అనే రాయవచ్చు కదమ్మా” అన్నారు. మిగిలిన నాలుగు సీసాలు పిల్లలకు ఇవ్వమన్నారు; నేను ఇంకా ఇవ్వలేదు.